పిలిస్తేనే వచ్చేవాడు

డులూత్‌లో మంచు. రాత్రి రెండు.
నాణేల లాండ్రీలో వెర్నా
అట్ట చిరిగిన నవల తెరిచింది.

అందులో రక్తపిశాచికి ఓ బేకరీ ఉంది.
కత్తికి వేలు తెగితే
తనే కళ్ళు తిరిగి పడతాడు.
మూడొందల ఏళ్ళుగా
ఒక్క బన్నయినా మాడ్చకుండా దించలేదు, పాపం.

వెర్నా పకపకా నవ్వింది.
డ్రయ్యర్లో నర్సు యూనిఫారాలు గిరగిరా.

వార్డులో పగలంతా చావును చూసే మనిషికి
ఈ దయ్యాల సరసాలెందుకని
అడిగింది చెల్లెలు.

ఏం చెబుతుంది?
బతికున్నవాళ్ళు తలుపు తోసుకొచ్చారు,
బూట్ల బురదతో సహా.
వీడు మాత్రం
పిలవని పేరంటానికి రాడు.
నూట పదో పేజీనుంచీ
గడప అవతలే,
చేతిలో మాడిన బన్నుతో.

వెర్నా పేజీ తిప్పదు.
ఇంకాసేపు నిలబడనీ.