తరుగు

ఇరవై రెండేండ్లు కాంట పక్కన నిలవడ్డ గని
కాంట మీద ఎన్నడు నిలవడలే.

ఎనుమాముల యార్డుల దడ్వాయిని.
మిర్చి బస్తా ఎక్కుతది,
ఎర్ర అంకెలు గిలగిల కొట్టుకుంటయ్,
అవి ఆగకముందే నా నోరు చెప్తది:
నలభై ఒకటీ... నలభై రెండున్నరా...
నడుమ నడుమ తుమ్ముకుంట.

దవాఖానల షుగరు రాసిచ్చిన చీటీ
కీసల మడతవెట్టుకొని వచ్చిన్నాడు
మార్కెట్ బంద్.
షెడ్డుల రెండు కుక్కలు, నేను.
ఎవ్వలు లేరనుకొని చెప్పులిడిసి ఎక్కిన.
తొంభై ఒకటి పాయింట్ నాలుగు.
రెండు బస్తాల మిర్చి, పైన ఇంకో గంపెడు.

సంచుల మీద పండుకున్న కట్టయ్య లేసి కూసున్నడు.
"దడ్వాయి సాబ్, నిన్ను దించాల్నంటె
ఇద్దరం హమాలీలం గావాలె!"
ఆయనకు అరవై రెండేండ్లు.
ఒంటి మీద నరాలు, బొక్కలు, నవ్వు.
ఇంకేం లేదు తరుగు తీసెటందుకు.

దేశాయిపేట నుంచి యార్డుకు
బండి మీద ఎనిమిది నిమిషాలు.
తెల్లారి తాళంచెయ్యి సరోజన చేతుల పెట్టిన.
"ఎన్నొద్దులకు?" అన్నది, చేతులు తుడుసుకుంట.

మొదటి రోజు సగం తొవ్వల
ఆగివున్న ఇటుకల లారీ నీడకు కూలవడ్డ.
డ్రైవరు నీళ్లిచ్చి, "ఎవలన్న పోయిండ్రా అన్నా" అని అడిగిండు.
రెండో రోజు మడిమెకు బొబ్బ.
మూడో రోజు బొబ్బ పలిగింది.
నాలుగో రోజు పోలే.
వాన లేదు, జొరం లేదు. ఊకెనే పోలే.
ఐదో రోజు, ఎందుకో మరి, పోయిన.

యార్డుల రోజుకు తొమ్మిది చాయలు తాగెటోన్ని.
వేలం మొదలైతె ఒకటి, ఆగిపోతె ఒకటి,
ఎవలన్న కొట్లాడితె ఒకటి,
కొట్లాట సల్లారితె ఇంకొకటి.
మూడుకు దిగిన. చక్కెర లేకుంట.
చక్కెర లేని చాయ మొదటి వారం మందు తీర్గుంటది.
మూడో వారం
చాయ తీర్గుంటది.

రాత్రి బువ్వ బందువెట్టి జొన్నరొట్టె అన్న.
"మా అవ్వ చేసినంత పల్సగ రాలే" అని కూడ అన్న.
గంతే, పిండి పళ్లెం నా ముంగటికి జరిగింది.
ఇప్పుడు నా రొట్టె నేనే కొట్టుకుంటున్న.
అది గుండ్రంగ రాదు,
నిజామాబాద్ జిల్లా పటం లెక్క వస్తది.
తింటున్న.

నెల తిరిగినంక మల్ల చెప్పులిడిసిన.
తొంభై పాయింట్ రెండు.
ముప్పై పొద్దుల నడక, నాలుగు బొబ్బలు,
ఇడిసిపెట్టిన మిర్చిబజ్జీలు, సలిపే మోకాళ్లు,
అన్ని కలిపి
కిలొ రెండు వందల గ్రాములు.
దిగి, మల్ల ఎక్కి చూసిన. గంతే ఉన్నది.

సోమవారం నాడు నెక్కొండ దిక్కు నుంచి
బుచ్చమ్మ అనే రైతు పదకొండు బస్తాలు దించింది.
"తేమ ఉన్నది. బస్తాకు కిలొన్నర తియ్యి"
సేటు ఫోన్ల నుంచి తల ఎత్తకుంటనే అన్నడు.

ఇరవై రెండేండ్ల సంది ఆ మాటకు నా పెన్ను ఆగలే.
కిలొన్నర అంటె ఒక గీత.
చెమట రాకుంట, ఊపిరి ఎగవొయ్యకుంట
గీస్తె పోతది.
బుచ్చమ్మ ఏమనలే.
ఘాటుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని
నా పెన్ను దిక్కు చూస్తున్నది.

నా మోకాలు సలిపింది.

గొప్పోన్నయ్యి కాదు.
కిలొన్నర అంటె ఎంత దూరమో
నా కాళ్లకు ఎరుకైంది, గంతే.
"అంకె ఆగనియ్యి సేటూ" అన్న.
ఆగింది.
ఆగిన కాడ రాసిన. పదకొండు సార్లు.

మర్నాడు నన్ను పత్తి షెడ్డుకు మార్చిండ్రు.
అది యార్డు ఆ కొసకు ఉన్నది.
గేటు నుంచి ఇంకో ఆరు వందల అడుగులు.

లెక్కవెట్టుకుంటనే పోతున్న.