ఓడ కూత తర్వాత

ఫ్యాను ఆపేశాను. కిటికీ మూశాను.
చినవాల్తేరు ఉక్కలో చొక్కా వీపుకి అతుక్కుపోతుంటే
"మార్కుల నమోదు, మూడో పాఠం" అని మొదలుపెట్టాను.
రెండు నిమిషాల నలభై సెకన్ల దగ్గర
హార్బర్లో ఏదో ఓడ కూసింది.
మళ్లీ తీసే ఓపిక లేక
అలాగే ఎక్కించేశాను.

పరీక్షల విభాగంలో పైడితల్లి గారు
ఇరవై ఏడేళ్లు లెడ్జర్లో ఎర్రగీతలు కొట్టిన చేతిని
మౌసు మీద, పిట్టని పట్టినట్టు ఆనించి
నన్ను ఆపారు, వెనక్కి లాగారు,
మళ్లీ మాట్లాడించారు.
ఎన్నిసార్లో నాకేం తెలుసు,
తెరలో ఉన్నవాడికి విసుగు రాదు.
నోటు పుస్తకంలో రాసుకున్నారట:
"ఓడ కూసినాక పచ్చ బొత్తాం."

ఆ ముక్కే పక్క బల్ల ఎర్రినాయుడికి,
అతన్నుంచి హాస్టల్ ఆఫీసుకి,
అక్కణ్ణుంచి లైబ్రరీ మెట్లు దిగి ఎక్కడికో.

ఈ ఏడు మంచి మైకు కొన్నారు.
పాఠం మళ్లీ చెప్పాను,
ఈగ వాలిన చప్పుడైనా లేకుండా.

పొద్దున్నే ఫోను:
"బాబూ, బొమ్మ బాగుంది గానీ
ఓడేదీ?
ఎప్పుడు నొక్కాలో తెలడం నేదు."

మైకు పెట్టుకుని
కిటికీ రెక్కలు రెండూ తెరిచి
కూర్చున్నాను.
ఇవాళ రేవులోకి ఏమొస్తున్నాయో.