క్యూ నలభై ఏడు

నా కాగితంలో రాసింది ఇంతే:
క్యూ నలభై ఏడు. పాట అయిపోగానే చీకటి.
ఎనిమిది అంకెలు లెక్కపెట్టి
లివరు మెల్లగా కిందికి.

ఇరవై రెండేళ్లుగా దించుతున్నాను.
పెరంబూరు రేకుల హాల్లో
రాజుల్ని, మునుల్ని, విషం తాగిన రాణుల్ని
టీ టైముకి ఆర్పేసి మెట్లు దిగినవాణ్ణి.

ఈ నాటకం వేరన్నారు.
హార్బరు గోడకి రాళ్లు మోసినవాళ్ల కథ.
కిరీటం లేదు, హార్మోనియం లేదు,
ఒక ల్యాప్‌టాపు, రెండు సౌండు పెట్టెలు, పద్నాలుగుమంది పిల్లలు.
మూడు గంటలసేపు మాటల్ని పరుగెత్తిస్తారట.
నవ్వాను.

పోలమ్మ అని ఒక పిల్ల.
వ్యాసర్పాడి క్వార్టర్స్, నాన్న కార్పొరేషన్ చెత్త లారీ మీద.
ఇంట్లో తెలుగే గానీ చదవడం రాదు,
పాటంతా తమిళ లిపిలో రాసుకుంది.
ఆ లిపిలో కడపా గడపా ఒక్కలాగే ఉంటాయి.
రిహార్సల్ మధ్యలో నా గూట్లోకి ఎక్కొచ్చి
"అన్నా, ఇక్కడ ఏది?" అనేది.
"రెండూ" అన్నాను ఒకసారి, విసుగ్గా.

నా విసుగుని దాచుకుందని అప్పుడు తెలీదు.

మొదటి ఆట రాత్రి, రెండో అంకం చివర
బీటు ఒక్కటే మిగిలింది,
ట్యాంకరు కింద ఖాళీ బిందెలో పడే
మొదటి నీళ్ల చప్పుడులాగ.
పిల్ల ముందుకొచ్చింది.

*కడప నుంచొచ్చింది మా అవ్వ
గడప గడపకీ ఒంగింది
లోపలికి రమ్మన్న గడప ఒక్కటీ లేదు
చీపురు అరిగింది, గడప అరగలేదు
గోడ కట్టినోళ్ల పేర్లు గోడ మీద లేవు
నా పేరు పట్టే గోడ ఇంకా కట్టలేదు*

ఊపిరెక్కడ తీసిందో పట్టుకోలేకపోయాను.
ఒక్కో ఒత్తు డప్పు మీద పుల్లలా పడింది.
బళ్లో గురువూ లఘువూ అంటూ
మేష్టారు గీతలు గీయించి చంపేవాడు.
అవి కాళ్ల సంగతని
నలభై తొమ్మిదో ఏట తెలిసింది:
నా చెప్పు దానంతటదే
ఇనప మెట్టుని కొడుతోంది.

తర్వాత పేరు చెప్పింది.
పోస్టరు మీద పోలీ అని వేయించుకున్న పిల్ల
పో, ల, మ్మ అని విరిచి
బీటు మీద పేర్చింది.
ఆ మ్మ దగ్గర పద్నాలుగుమంది కాళ్లూ
ఒకేసారి నేల మీద దిగాయి.
రేకులు అదిరి, పైనున్న పావురాలు లేచాయి.

మూడో వరసలో
నారింజ రంగు కోటు విప్పకుండానే వచ్చినాయన
లేచి నిలబడ్డాడు. చప్పట్లు కొట్టలేదు.
చేతుల్ని ఏం చేయాలో తెలియక
ప్యాంటుకి తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఒకటి. రెండు. మూడు.
అబద్ధమెందుకు, లెక్కపెట్టాను.
ఎనిమిదీ అయింది.
చెవిలో మేనేజరు "ఆర్పు, ఆర్పు, నిద్రపోయావా?"
వేలు లివరు మీదే ఉంది.
దిగనంది.

ఆమె అక్కడే నిలబడి రొప్పుతోంది.
చెమట మీద నా వెలుతురు.
పాట అయిపోయిందని ఎవరు చెప్పాలో తెలియక
హాలంతా అలాగే ఉండిపోయింది.

ఆ రోజు కూలిలో వంద కోశారు.
కాగితంలో ఇప్పుడు నా చేత్తో రాసి ఉంది:
క్యూ నలభై ఏడు.
ఆ పిల్లకి ఊపిరి తిరిగేదాకా ఆగు.