ఫుల్లు నుంచి ఫుల్లుకు

నా బండికి పెట్రోలు ముల్లు పని చెయ్యది.
నాకంటె ముందు తోలినోడు
ఫర్వానియా సిగ్నల్ కాడ పడ్డప్పుడు చెడిందంట.
పలిగిన అద్దం కింద ఎర్ర సూది
ఎప్పుడు చూసినా సున్నా మీదనే పండుకొని ఉంటది.
అందుకే టాంకు మీద వేలితోటి కొట్టి వింట,
పుచ్చకాయ బేరం చేసేటోని లెక్క.

కంపెనీ మాట: లీటరుకు నలభై ఐదు.
ఆఫీసు గోడకు అంటించిన కాయితం మీద ఉంది.
ఎవరు తోలి చూసిండ్రు? ఏ తొవ్వల? ఏ నెలల?
వెనక డబ్బా ఉండెనా,
డబ్బాల నలుగురి బిర్యానీ ఉండెనా?
అడిగితే సూపర్వైజర్ హానీ నవ్విండు:
"లింబాద్రీ, పెట్రోలు తాగుతున్నవా, అమ్ముకుంటున్నవా?"

ఆ రాత్రే వంద పేజీల నోటుబుక్కు కొన్న.

కష్టమైన లెక్కేం కాదు.
బండిని నిలువుగ నిలబెట్టి మెడ దాక పోపియ్యాలె.
బుడగలు సల్లబడేదాక ఆగాలె,
వెనక కారోడు హారన్ కొట్టినా సరే.
మీటరు మీది అంకె రాసుకోవాలె. తోలాలె.
మళ్ల అదే పంపు, అదే మెడ, అదే ఆగుడు.
తిరిగిన దూరాన్ని పట్టిన పెట్రోలుతోటి భాగారం.
ఐదో తరగతి పోరడు చేస్తడు.

రెండు వందల ఎనభై ఏడు కిలోమీటర్లు.
ఎనిమిది లీటర్ల రెండు వందల మిల్లీ.
పై మంచం మీద, సెల్లు వెలుతురుల,
మూడుసార్లు చేసిన.
ముప్పై ఐదే.
అంటే ఫుల్లుకు ఫుల్లుకు నడుమ
లీటరూ ఎనిమిది వందలు నా జేబులకెళ్లి.

దుమారం లేచిన దినం ముప్పై ఒకటి.
ఎదురుగాలి డబ్బాను పట్టుకొని ఎనకకు గుంజింది.
శుక్రవారం అర్ధరాత్రి దాటినంక, ఫిఫ్త్ రింగ్ రోడ్డు ఖాళీ,
నలభై ఒకటి!
ఆ అంకె చుట్టూ గుండ్రంగ గీత గీసుకున్న.
హవల్లీల లిఫ్టు రాని బిల్డింగు కింద
ఆపితే మళ్ల అంటుకోదని
ఇంజను నడుస్తనే ఉంచిన పది నిమిషాలు,
సున్నా కిలోమీటర్లు.
సున్నాకు కూడ పెట్రోలు కావాలె.
ఆ ముచ్చట కాయితం మీద లేదు.

మా అమ్మ బీడీలు చుట్టేది.
వెయ్యి తీస్కపోతే సేటు నూటయాభై పక్కకు ఏరి
మిగిలినయాటికే పైసలిచ్చేటోడు.
ఏరినయి తిరిగి ఇయ్యమంటే ఇయ్యకపోయేటోడు.
అమ్మకు సదువు రాదు.
దారానికి ముడులేసి పెట్టుకునేది.
ఎవరికి చూపించిందో ఆ ముడులు, నేనెన్నడూ అడగలే.

రిజర్వుల లీటరున్నర.
నా లెక్క ప్రకారం యాభై రెండు కిలోమీటర్లు.
జహ్రా దిక్కు పోయిన రాత్రి బండి రెండుసార్లు దగ్గింది.
చూడకుండనే ఎడమ చెయ్యి కిందికి పోయి చెవి తిప్పింది.
పంపు పందొమ్మిది కిలోమీటర్ల అవతల.
అటు ఇసుక, ఇటు ఇసుక, కరెంటు తీగలు.
నాకెంత మిగిలి ఉన్నదో
నాకు తెలిసి తోలుడు అదే మొదటిసారి.
ఆర్డరు పెట్టినామె
బిర్యానీ సల్లారిందని ఒక్క చుక్కే ఇచ్చింది.

గదిల ముందు నవ్విండ్రు.
తర్వాత మొండయ్య తన పేరు రాసి గీత కొట్టిండు: ముప్పై నాలుగు.
మొఫిజుల్ బంగ్లా అంకెల్ల రాసిండు: ముప్పై మూడున్నర.
కొత్తగ వచ్చిన అఫ్రోజ్,
యాభై కిలోలు కూడ తూగడు, ముప్పై ఏడు!
సరాసరి పాడు చేసిండని
వానితోటి ఒక పూట ఎవ్వరం మాట్లాడలే.

పదకొండు బండ్ల లెక్క హానీ టేబుల్ మీద పెట్టినం.
కాకి లెక్కలన్నడు.
కాలిక్యులేటర్ తీసిండు.
ఒక పేజీ. ఇంకో పేజీ.
ఆయన చాయ్ మీద మీగడ కట్టింది.

నెల దాటినంక గోడ కాయితం మీద
నలభై ఐదు కొట్టేసి
పక్కకు పెన్నుతోటి నలభై అని రాసి ఉన్నది.
ముప్పై ఐదు కాదు, నలభై.

ఫుల్లుకు ఫుల్లుకు నడుమ
ఇంకా ఒక లీటరు మాదే పోతున్నది.
నోటుబుక్కుల
ఇంకా అరవై పేజీలున్నయి.