ఏడు దాకా

ఎంజీఎంల ఇరవై తొమ్మిదేండ్లు
మనుషులను నిద్రపుచ్చిన.
"పది నుంచి ఎనుకకు లెక్కవెట్టు బిడ్డా" అంటే
ఏడు దాటినోళ్లు తక్కువ.

ఇప్పుడు హన్మకొండ పబ్లిక్ గార్డెన్ల
కుట్లు ఊడిన తెర ముందట నిలబడి
మెలకువ అడుక్కుంటున్న.

బ్యాటరీల దుకాణం జల్ది మూసి
డప్పు పట్టుకొని వచ్చిండు రాజలింగు.
"మేడం, మైకును స్టెతస్కోపు లెక్క పట్టకుండ్రి" అన్నడు.
నిజమే.
ఎవలిదో గుండె వినాలన్నట్టు
చెయ్యి దానంతటదే ముందుకు పోతది.

పాట నేనే కట్టిన.
కేస్ షీటు వెనుక మొదటి ముక్క రాసుకున్నది
మూడు కేసులు లేచి, ఒకటి లేవని రాత్రి.
ఆమె కొంగుముడి విప్పుతుంటే
థియేటర్ గచ్చు మీద
రూపాయి బిళ్లలు దొర్లినయి.
ఆ మోతనే నా పల్లవి.
రాజలింగుకు గూడ చెప్పలే.

రెండో చరణం మరిచిపోయిన.
ఆయన దరువు తిప్పిండు, తిప్పిండు, మళ్ల తిప్పిండు.
ముందు వరుసల మిర్చి బజ్జీ తింటున్న ముసలామె
నమలుడు ఆపింది.
ఇక్కడ ఆక్సిజన్ ఎంతుందో చూపే తెర లేదు.
పది, తొమ్మిది, ఎనిమిది,
ఏడు కాడ పదం దొరికింది.

అయిపోయినంక పదిమంది చప్పట్లు, సగం మర్యాదకు.
చివరి కుర్చీల ఒకాయన గురక.

పాత అలవాటు ఏడికి పోతది,
మెట్లు దిగి ఆయన పక్కన ఆగిన,
ఊపిరి సక్కగ ఆడుతుందా అని.

ఆడుతుంది.