ఊడ్చిన గీత

శివరాత్రి వెళ్ళింది.
చలి శివశివా అంటా కొండ దిగిపోయింది.
ఇక నిప్పుల కాలం.
పొద్దు పొడవకముందే
పధ్నాలుగు చీపుర్లు వెలిగొండ ఎక్కుతున్నాయి,
చద్దిమూటలు, రెండు నీళ్ళ బిందెలు, ఒక మొండి కొడవలి,
తీర్మానాల పుస్తకం నా చంకలో.

ఇల్లు ఊడవడం మాకెవరూ నేర్పలేదు.
కొండను ఊడవడం మాత్రం నేర్చుకున్నాం,
గాలికి ఎదురు కాకుండా,
ఎండుటాకు ఒక్కటీ మిగలకుండా,
పది అడుగుల వెడల్పున
ఎర్రమట్టి కనపడేదాకా.
వెనక్కి తిరిగి చూస్తే
కొండకు పాపిట తీసినట్టుంటుంది.

మాలకొండమ్మ మోకాళ్ళు వంగవు.
ఫ్లోరిన్ నీళ్ళు ఎముకల్లో గడ్డకట్టి ముప్పై ఏళ్ళు.
చీపురుకి తునికికర్ర కట్టుకుని
నిలబడే ఊడుస్తుంది.
మస్తాన్‌బీది ఒక్కపొద్దు.
అయినా ఆమె వంతు బిందె
ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోదు.

నిరుడు ఒక రాత్రి
కాలిస్తే కొత్త గడ్డి మొలుస్తుందని
గొర్రెలాయన ఎవరో అగ్గిపుల్ల గీశాడు.
ఎవరో అనే రాశాను పుస్తకంలో,
పేరు దగ్గర ఖాళీ వదిలి.
రేషన్ కార్డులో
ఆ పేరు కిందే కదా నా పేరు.

మంట వాలు మీద పైకి ఉరికి
మేం ఊడ్చిన గీత దాకా వచ్చి
ఆకు దొరక్క
గడప బయట అప్పులోడిలా కాసేపు నిలబడి
ఆరిపోయింది.
ఇటు చండ్ర, నెమలినార, కలివిపొదలు.
అటు
మూడు రోజులు
కాలిన తాబేళ్ళ వాసన.

మొన్న ఒంగోలు నుంచి ఒకబ్బాయి టేపు తెచ్చాడు.
చెట్ల నడుములు కొలిచి
ఏడాదికి ఏ చెట్టు ఎంత పొగ తాగుద్దో
ఫోన్‌లో లెక్కేసి చెప్పాడు.
మాలకొండమ్మ కర్ర మీద గడ్డం ఆనించి అంతా విన్నది.
"నలభై ఏళ్ళు పొయ్యి కాడ నేను తాగిన పొగ
యాడ రాసుకున్నావు నాయనా?"
అబ్బాయి టేపు చుట్టేసుకున్నాడు.
మస్తాన్‌బీ ఒక్కతే నవ్వింది,
దగ్గు వచ్చేదాకా.

ఈ రోజు పుస్తకంలో:
హాజరు పధ్నాలుగు.
ఊడ్చింది మైలున్నర.
గాలి పడమర నుంచి.
రాత్రి కాపలా వంతు నాది.

నిరుటి ఖాళీ ఇంకా ఖాళీగానే ఉంది.
ఇంట్లో అగ్గిపెట్టె మాత్రం
నా కొంగు ముడిలో ఉంది.