తిరగేసిన ఈక

గుణుపురం బజార్లో జాకెట్లు కుట్టే చేతులివి.
వంతెన కొలతలకొచ్చిన మొరిటా గారు
పోతూ పోతూ నేర్పిపోయిన పని:
బిగించడానికి మరేం లేదు,
ఎడంచేతి రెండు వేళ్ళే పట్టుకారు.

జాకెట్టుకి మిగిలిన దారం, ఇటుకరంగుది.
సూరమ్మ డేగపుంజు మెడమీది ఈక ఒక్కటి.
పుంజుకి చెప్పలేదు, సూరమ్మకి చెప్పాను.

ఈకని వెనక్కి కాదు, ముందుకి వాల్చాలి,
గాలికి తిరగబడ్డ గొడుగులా.
నా దుకాణంలో అయితే అది తప్పు,
విప్పి మళ్ళీ కుట్టమంటారు.
నీళ్ళలో అదే ఊపిరి.
లాగితే ముడుచుకుంటుంది,
వదిలితే విచ్చుకుంటుంది.

ఇదే పురుగని అడిగాడు లిమ్మా సవర,
ఏటిని నాకంటే ఎరిగినవాడు.
ఏ పురుగూ కాదన్నాను.
నవ్వి, వాళ్ళ మాటలో ఏదో అన్నాడు.
చేపకి చెప్పకు అన్నట్టు వినపడింది.

వంశధార మోకాటిలోతు. కార్తీకం పొద్దు, కాళ్ళు కొంకర్లు.
మూడోసారి విసిరినప్పుడు
రాతిపక్కన నీరు చిన్నగా చిట్లింది.
వేలెడు పరిగె,
నోట్లో నా ముడి.

దాన్ని వదిలేశాను.
ఈక తడిసి పోగులా సన్నబడింది,
ముడి మాత్రం కదల్లేదు.
గుండీలు ఊడిపోతున్నాయని
ఇరవయ్యేళ్ళుగా తిట్లు తిన్నవాణ్ణి,
ఒడ్డున కూచుని
చాలాసేపు దాన్నే చూసుకున్నాను.